68 వేలు పెట్టి టీవీ కొంటే సినిమా కాస్తా పెళ్ళి క్యాసెట్ అయింది

"ఏందిరా ఇది, పెండ్లి క్యాసెట్ వెట్టినవా?"

టీవీ గోడకి బిగించిన రోజు సాయంత్రం మామ లోపలికి వస్తూనే అన్న మాట ఇది. చెప్పులు కూడా సరిగ్గా విడవలేదు ఇంకా. నేను పెట్టింది పెళ్ళి క్యాసెట్ కాదు, కోట్లు పోసి తీసిన సినిమా, ఓటీటీలో, 4కె లో, ఇంట్లో లైట్లన్నీ ఆపేసి మరీ చూపిద్దామని రెడీగా కూర్చున్నా. కానీ మామ అన్నది కరెక్టే. హీరో గుర్రం మీద వస్తుంటే నాకూ ఏదో తేడా కొడుతూనే ఉంది, కోట గోడ ప్లైవుడ్ అని తెలిసిపోతోంది, విలన్ గడ్డం అంటించిన గీత దగ్గర కన్ను ఆగిపోతోంది, మొత్తం మీద ఎవరో షూటింగ్ స్పాట్ కి వెళ్ళి పక్కన నిలబడి హ్యాండీక్యామ్ తో తీసినట్టుంది.

సరే, ముందు నుంచీ చెప్తా. మేముండేది కూకట్‌పల్లి వైపు, పాత టీవీ తొమ్మిదేళ్ళది, స్క్రీన్ మీద నిలువు గీత పడింది, ఇక మార్చక తప్పలేదు. నా బడ్జెట్ 70 వేలు, 55 అంగుళాలు, ఒకటే కండిషన్, ప్యానెల్ నిజంగా 120 హెర్ట్జ్ ఉండాలి, అంటే తెర సెకనుకి 120 సార్లు బొమ్మ వేయగలగాలి. ఇది ఎందుకంటే సినిమా సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు. 60 హెర్ట్జ్ ప్యానెల్ లో 24 సరిగ్గా ఇమడదు, ఒక ఫ్రేము మూడు సార్లు, తర్వాతది రెండు సార్లు, మళ్ళీ మూడు, మళ్ళీ రెండు, అలా కుంటుకుంటూ నడుస్తుంది. కెమెరా మెల్లగా పక్కకి తిరిగే షాట్ లో, చివర్లో పేర్లు పైకి పోయేటప్పుడు ఆ కుదుపు బాగా తెలుస్తుంది. 120 అయితే ఏ గొడవా లేదు, ప్రతి ఫ్రేమూ ఐదేసి సార్లు, లెక్క సమానం.

షోరూమ్ పేరు చెప్పను, పెద్దదే, మూడు ఫ్లోర్లు. అక్కడి తమ్ముడు "అన్నా ఇది 120 మోషన్ అన్నా, ఇదే బెస్ట్, లాస్ట్ పీస్" అని ఒక టీవీకి అతుక్కుపోయాడు. ఫోన్లో ఆ మోడల్ నంబర్ కొట్టి చూస్తే ప్యానెల్ 60. ఆ 120 అనేది డబ్బా మీద వేసుకునే నంబరు, లోపల సాఫ్ట్‌వేర్ చేసే మాయని కలిపి చెప్పేది. ఇలాంటి నంబర్లకి పడిపోకండి, "నేటివ్ రిఫ్రెష్ రేట్ ఎంత" అని అడగండి, అడిగితే తమ్ముడి మొహమే చెప్పేస్తుంది. ఇంకోటి, షోరూమ్ లో ప్రతి టీవీలోనూ అదే చిలకలు, అవే చేపలు, అవే తేనె చుక్కలు. అవి టీవీ బాగా కనపడటానికే తీసిన వీడియోలు, వాటిని చూసి ఏ టీవీ తీసుకోవాలో తేల్చుకోవడం అంటే పెళ్ళిచూపుల ఫోటో చూసి సంబంధం ఖాయం చేసుకోవడమే. నేను పెన్‌డ్రైవ్ లో ఒక సినిమా ముక్క పట్టుకెళ్ళా, పెట్టమంటే మేనేజర్ ని అడగాలన్నాడు, మేనేజర్ లంచ్ కి పోయాడు, అరగంట కూర్చున్నా. చివరికి వేరే కంపెనీది, నిజంగా 120 ప్యానెల్ ఉన్నది, 68 వేలకి తీసుకున్నా.

ఏ కంపెనీ అని అడగకండి, ఎందుకంటే నేను తిట్టబోయేది సినిమాని పెళ్ళి క్యాసెట్ చేసిన ఫీచర్ ని, అది ఒక్క కంపెనీది కాదు. పేర్లు మాత్రమే మారతాయి, ఎల్జీ వాళ్ళు ట్రూమోషన్ అంటారు, సోనీ వాళ్ళు మోషన్‌ఫ్లో అంటారు, తక్కువ ధర టీవీల డబ్బాల మీద ఎంఈఎంసీ అని రాస్తారు. పని ఒకటే. రెండు ఫ్రేములు తీసుకుని, మొదటి దాంట్లో చెయ్యి ఇక్కడుంది, రెండో దాంట్లో అక్కడుంది, అంటే మధ్యలో ఎక్కడో ఉండి ఉంటుంది అని ఊహించి, ఆ మధ్య బొమ్మని తనే గీసి ఇరికిస్తుంది. ఫుల్లుగా పెడితే ఒక అసలు ఫ్రేముకి నాలుగు కొసరు. రెండున్నర గంటల సినిమాలో అసలు ఫ్రేములు 2 లక్షల 16 వేలు, ఇది కలిపేవి 8 లక్షల 64 వేలు. కెమెరామన్ తీయనివి, ఎడిటర్ చూడనివి, డైరెక్టర్ కి తెలియనివి. కొసరే ఎక్కువైపోయింది.

ఇక్కడ మామ గురించి చెప్పాలి. మామ రిటైర్డ్ ప్రొజెక్టర్ ఆపరేటర్. సిటీలోనే ఒక సింగిల్ స్క్రీన్ లో ఇరవై ఏళ్ళకి పైగా చేశాడు, ఆ థియేటర్ ఇప్పుడు లేదు, అపార్ట్‌మెంట్ లేచింది. కార్బన్ కడ్డీలు కాల్చి ప్రొజెక్టర్ కి వెలుగు తెచ్చిన చేతులు. రెండు ప్రొజెక్టర్లు, ఒక దాంట్లో రీలు అయిపోతుంటే తెర మీద కుడి పక్క పైమూల ఒక చుక్క మెరుస్తుంది, అది చూసి రెండో మెషీన్ మోటార్ ఆన్ చేయాలి, ఇంకో చుక్క రాగానే దాని మీదికి మార్చాలి, జనానికి తెలియకూడదు. రెండు వేల అడుగుల రీలు అంటే 22 నిమిషాలు, ఆ లోపే టీ తాగాలి బీడీ తాగాలి. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు పరిగెడుతుంది, రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు, నాలుగు కిలోమీటర్ల పైనే. ఇవన్నీ మామకి నోటికి వచ్చు. ఇప్పటికీ ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వైపు పోతే సుదర్శన్ 35 ఎంఎం, సంధ్య 70 ఎంఎం అని బోర్డులు చదువుకుంటాడు, లోపల ఫిల్ము లేకపోయినా పేర్లలో ఉంది కదా అంటాడు.

ఆ రోజు నేను మామకి ఈ ఫీచర్ ఏంటో చెప్పా, టీవీ మధ్యలో ఫ్రేములు తయారు చేస్తుంది మామా అని. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "మా కాడ ప్రింటు తెగితే రెండు ఫ్రేములు కత్తిరించి అంటు పెట్టెటోళ్ళం, పాటల ఎగిరి దుంకినట్టు అయ్యేది, జనం ఈలలేశి తిట్టెటోళ్ళు. మేం ఫ్రేములు పోగొట్టినంరా, పుట్టియ్యలే."

అప్పుడు కూర్చుని సెట్టింగ్ వెతకడం మొదలుపెట్టా. సెట్టింగ్స్, పిక్చర్, అడ్వాన్స్‌డ్, మోషన్, దాని లోపల ఇంకో మెనూ, దాంట్లో ఆటో అని ఉంది. ఆటో అంటే ఆన్ అని అర్థం, ఇది గుర్తుపెట్టుకోండి. బాక్స్ లోంచి తీసినప్పుడే ఆన్ లో వస్తుంది, మాన్యువల్ లో ఒక్క ముక్క రాయలేదు, ఇన్‌స్టలేషన్ కి వచ్చిన అబ్బాయిని అడిగితే "అన్ని టీవీలు ఇట్లనే ఉంటాయి సార్, కొత్త కదా అలవాటైతది" అని వాల్ మౌంట్ డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు (ఇన్‌స్టలేషన్ ఫ్రీ అన్నారు, మౌంట్ ఫ్రీ అనలేదంట, సరే). ఈ విషయం మీద హాలీవుడ్ లో టామ్ క్రూజ్ స్వయంగా 2018 డిసెంబర్ లో వీడియో పెట్టాడు, బాబూ మీ టీవీలో ఇది ఆపుకుని చూడండి అని. ఆ తర్వాత ఏడాదే ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఒకటి ప్రకటించారు, కొన్ని టీవీల్లో వస్తోంది, అది నొక్కితే ఈ కలపడాలు పదును పెట్టడాలు అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. నా టీవీలో ఉంది. కానీ రిమోట్ మీద దానికి బటన్ లేదు, నాలుగు ఓటీటీ యాప్ లకి మాత్రం నాలుగు బటన్లు ఉన్నాయి, అందులో రెండింటికి నాకు సబ్‌స్క్రిప్షన్ కూడా లేదు.

ఆపేశాక సినిమా సినిమాలా అయింది. గోడ మళ్ళీ రాతిగోడ అయింది, గడ్డం మళ్ళీ పుట్టుగడ్డం అయింది.

ఎందుకిలా అని ఆలోచిస్తే, 24 అనేదేమీ వేదంలో చెప్పిన సంఖ్య కాదు. మూకీల రోజుల్లో చేత్తో హ్యాండిల్ తిప్పేవాళ్ళు, ఎవరి స్పీడు వాళ్ళది. 1920ల చివర్లో సినిమాకి మాటొచ్చాక తిప్పలొచ్చింది, ఫిల్ము అంచునే సౌండ్ గీత ఉంటుంది కాబట్టి స్పీడు అటూ ఇటూ అయితే గొంతు మారిపోతుంది, ఘంటసాల గొంతు సుశీల గొంతు అయిపోతుంది. అందుకని ఒక స్పీడు ఖాయం చేయాల్సి వచ్చింది, ఇంకా ఎక్కువ పెడితే ఫిల్ము ఖర్చు, తక్కువ పెడితే సౌండ్ బాగోదు, 24 దగ్గర ఆగారు. బేరం కుదిరిన ధర అన్నమాట. 24 ఫ్రేములు అలాగే వేస్తే తెర వణుకుతుంది కాబట్టి ప్రొజెక్టర్ లో తిరిగే షట్టర్ రెక్క మధ్యమధ్యలో వెలుగుని మూసేస్తూ ప్రతి ఫ్రేమునీ రెండు సార్లు చూపిస్తుంది, సెకనుకి 48 మెరుపులు. మామ ఈ మాట చెప్పినప్పుడు నాకు నోరు తెరుచుకుంది, అంటే మనం రెండున్నర గంటల సినిమాకి వెళ్తే అందులో చాలాసేపు చీకట్లోనే కూర్చుంటున్నాం.

తీసేటప్పుడు కూడా అంతే, మామూలుగా ఒక్కో ఫ్రేముకి కెమెరా షట్టర్ సెకనులో 48వ వంతు తెరుచుకుంటుంది, మిగతా 48వ వంతు మూసుకుంటుంది. జరిగిన దాంట్లో సగమే కెమెరాలో పడుతుంది, పడిన సగంలో కూడా కదిలే చెయ్యి కాస్త చెరిగినట్టు ఉంటుంది. ఆ చెరిగిన దాన్ని, ఆ లేని సగాన్ని మన బుర్ర పూరించుకుంటుంది. కలలా అనిపించేది అక్కడే అని నా అభిప్రాయం. అన్నీ చూపించేస్తే బుర్రకి పని లేక ప్లైవుడ్ వెతుకుతుంది.

ఇంకో కారణం మన అలవాటు. సెకనుకి 50 సార్లు కదిలే వీడియో మనం ఎక్కడ చూశాం? దూరదర్శన్ వార్తల్లో, ఈటీవీ సీరియళ్ళలో, క్రికెట్ లో, పెళ్ళి క్యాసెట్లలో. నున్నగా కదిలితే అది సీరియల్, కాస్త ఆగి ఆగి కదిలితే సినిమా అని చిన్నప్పుడే ఫిక్స్ అయిపోయాం. ఇంగ్లీషు వాళ్ళు కూడా దీన్ని సీరియల్ పేరుతోనే వెక్కిరిస్తారు. మామ ఒక్క చూపులో పెళ్ళి క్యాసెట్ అన్నాడంటే అందుకే. (పాత టీవీ రోజుల్లో ఇంకో తమాషా, మన దగ్గర టీవీ సెకనుకి 25 ఫ్రేముల లెక్క కాబట్టి సినిమాని కొంచెం వేగంగా తిప్పి వేసేవాళ్ళు, రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాలు ముందే అయిపోయేది, యాడ్స్ వల్ల ఎవరికీ తెలియలేదు అంతే.)

అలాగని ఎక్కువ ఫ్రేములంటేనే పాపం అనే బ్యాచ్ కాదు నేను. 2022 డిసెంబర్ లో అవతార్ రెండో భాగం ఇక్కడే ఒక మల్టీప్లెక్స్ లో హెచ్‌ఎఫ్‌ఆర్ (హై ఫ్రేమ్ రేట్, అంటే ఎక్కువ ఫ్రేములది) త్రీడీ షో చూశా. డైరెక్టర్ కామెరాన్ తెలివిగా చేశాడు, నీళ్ళ లోపల సీన్లు, ఫైట్లు 48 లో, కూర్చుని మాట్లాడుకునేవి 24 లా కనపడేట్టు. నీళ్ళలో ఈత కొట్టే సీన్లకి నిజంగా ఒళ్ళు పులకరించింది, త్రీడీలో మామూలుగా వచ్చే తలనొప్పి కూడా రాలేదు. కానీ 48 లోంచి 24 కి మారినప్పుడల్లా నాకు ఒక్క క్షణం ప్రొజెక్టర్ ఆగిందేమో అనిపించింది, పక్కన కూర్చున్న ఫ్రెండ్ కి మాత్రం అసలేమీ తెలియలేదంట. అంతకు ముందు 2012 లో పీటర్ జాక్సన్ హాబిట్ మొత్తాన్ని 48 లో తీస్తే సెట్లు సెట్లలా, మేకప్ మేకప్ లా కనపడుతున్నాయని జనం గోల పెట్టారు. ఆంగ్ లీ అయితే ఏకంగా 120 లో తీశాడు, 2019 లో జెమినీ మ్యాన్, దాన్ని తీసినట్టే పూర్తిగా చూపించగల థియేటర్లు చాలా తక్కువే దొరికాయి. వీళ్ళంతా కనీసం ఆ ఫ్రేముల్ని కెమెరాతో తీశారు, దానికి తగ్గట్టు లైటింగ్ మేకప్ మార్చుకున్నారు, నచ్చిందా లేదా అన్నది తర్వాత సంగతి. నా టీవీ చేసేది అది కాదు, 24 కోసం వేసిన మేకప్ మీద టార్చి లైటు కొట్టడం.

అన్నట్టు హై ఫ్రేమ్ రేట్ ని మనవాళ్ళు వాడినంత ఎవరూ వాడి ఉండరు. కాకపోతే హీరో నడవడానికి. కెమెరాని 96 లోనో 120 లోనో తిప్పి తీసి 24 లో వేస్తే అదే స్లో మోషన్, కారు దిగి డోరు వేసేసరికి ఇంటర్వెల్ వస్తుంది. ఫైట్లలో దానికి రివర్సు, 22 లోనో 20 లోనో తీసి 24 లో వేస్తే గుద్దు వేగంగా పడినట్టుంటుంది. అంటే ఆ ఫ్రేముల లెక్క మనకి అలంకారం, టీవీ వచ్చి దాన్నంతా ఇస్త్రీ చేసేస్తే గుద్దులో పస పోతుంది. ఇక డాన్స్ పాటలో ఇది చేసే ఘోరం చూడాలి, స్పీడు స్టెప్పు వేస్తుంటే హీరో మోకాలు దగ్గర కాలు ఒక క్షణం మాయమై మళ్ళీ మొలుస్తుంది, వెనకాల డాన్సర్ల చేతుల చుట్టూ నీళ్ళలో చూసినట్టు వణుకు. ఊహించలేకపోయిన చోట టీవీ చేతులెత్తేస్తుంది అన్నమాట.

క్రికెట్ కి మాత్రం 24 పనికిరాదు, ఆ మాట కూడా చెప్పాలి. 140 కిలోమీటర్ల స్పీడుతో వేసిన బాల్ సెకనుకి దాదాపు 39 మీటర్లు పోతుంది, 24 ఫ్రేముల్లో అయితే ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య మీటరున్నర పైనే దూకేస్తుంది, చెయ్యి వదలడం చూస్తాం, తర్వాత కీపర్ దగ్గర చూస్తాం. 50 ఉంటే అందులో సగం దూరమే. ఐపీఎల్ కి నేను సెట్టింగ్ కొంచెం ఆన్ చేస్తా, ఏం సిగ్గు లేదు. ఉప్పల్ లో మ్యాచ్ ఉన్న రోజు ఈ టీవీలో చూస్తే టికెట్ దొరకని బాధ కొంత తగ్గింది.

అసలు గొడవ అమ్మతో వచ్చింది. మామ వెళ్ళిపోయాక పొద్దున అమ్మ టీవీ పెట్టి, "ఏం పాడు జేశినవ్ రా, నిన్న మంచిగుండె, మనుషులు ఎదురంగ ఉన్నట్టే ఉండె, ఇయ్యాల మసకమసక అయింది" అంది. నేను షట్టర్ అనీ 48వ వంతు అనీ మొదలుపెట్టా. "నాకు కండ్లు గుంజుతున్నయ్, ముందటి లెక్క పెట్టు" అంది. ఆలోచిస్తే అమ్మది కూడా తప్పు కాదు, అరవై దాటిన కళ్ళు, మసక తగ్గితే హాయిగా ఉంటుంది. పైగా అమ్మ చూసేవి సీరియళ్ళే, సీరియల్ ని సీరియల్ లా చూపిస్తే నాకేం నష్టం. అందుకని ఇన్‌పుట్ వారీగా విడదీశా. సెట్‌టాప్ బాక్స్ హెచ్‌డీఎంఐ 1 లో ఉంది, అక్కడ ఆన్. ఓటీటీ యాప్ లలో ఫిల్మ్‌మేకర్ మోడ్. మీ టీవీది 60 ప్యానెల్ అయితే పూర్తిగా ఆపేస్తే కుదుపు చికాకు పెట్టొచ్చు, అప్పుడు కస్టమ్ లోకి వెళ్ళి జడ్డర్ (ఆ కుదుపే) తగ్గించేది పదికి రెండు మీద పెట్టి చూడండి, బ్లర్ (మసక) తగ్గించేది సున్నా. ఇది రాజీ, కానీ బతకొచ్చు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. బొమ్మలో నలుపు బాగుంది, రాత్రి సీన్లు బూడిద రంగులో కనపడవు. పక్క నుంచి చూస్తే రంగులు పాలిపోతాయి, కాబట్టి సోఫా ఎదురుగా ఉండాల్సిందే. సౌండ్ రేకు డబ్బా, సౌండ్‌బార్ కి ఇంకో ఏడెనిమిది వేలు పక్కన పెట్టుకోండి. గేమ్ మోడ్ మా తమ్ముడు మెచ్చుకున్నాడు, దాంట్లో ఈ ఫ్రేములు కలపడం తనంతట తనే ఆగిపోతుంది, లేకపోతే బటన్ నొక్కాక బొమ్మ ఆలస్యంగా కదులుతుంది. కరెంట్ పోయి వస్తే ఆన్ అవడానికి నిమిషం పడుతుంది.

ఐదుకి మూడున్నర ఇస్తున్నా. ప్యానెల్ కి నాలుగున్నర, ఆ ప్యానెల్ ని వాడుకోనివ్వని సాఫ్ట్‌వేర్ కి రెండు. ఆ రెండు కూడా ఎక్కువే, ఎందుకంటే పోయిన నెల ఒక అప్‌డేట్ వచ్చి నా సెట్టింగులన్నీ మళ్ళీ ఆటో లోకి పెట్టేసింది. కస్టమర్ కేర్ కి ఫోన్ చేస్తే ఫ్యాక్టరీ రీసెట్ చేయమన్నారు. ఫ్యాక్టరీలోనే కదా అమ్మా ఆన్ చేసి పంపింది అంటే అటు నుంచి హోల్డ్ మ్యూజిక్.

ఇప్పుడు మెనూ దారి మొత్తం కాగితం మీద రాసి రిమోట్ వెనక సెల్లో టేప్ తో అంటించా. శనివారం మామ వస్తానన్నాడు, ఏదో పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా చూద్దామని. నిన్న ఫోన్ చేసి ఎలా ఉన్నావ్ అని కూడా అడగలేదు, "తీశేశినవా?" అన్నాడు. తీసేశా మామా అన్నా. అమ్మ వంటింట్లోంచి వింటూనే ఉంది, "ఆయన పోంగనే మళ్ళ పెట్టు" అంది.